కరీంనగర్ నుంచి వచ్చిన మిషన్: మూడు కంపెనీల వాటర్ బ్లాకులు, తొమ్మిది బిగింపులు

కరీంనగర్‌లో గ్రానైట్ క్వారీలకు డ్రోన్ సర్వే చేసిపెట్టే ఒక చిన్న ఆఫీసు వాళ్లు నిరుడు ఏప్రిల్‌లో తమ కంప్యూటర్‌ను హన్మకొండలోని నా వర్క్‌షాపుకు తెచ్చారు. డ్రోన్ తీసిన వందలాది ఫొటోలను ఒకదానికొకటి అతికించి, క్వారీ గుంత ఆకారాన్ని, అందులోంచి తీసిన రాయి ఘనపరిమాణాన్ని లెక్కగట్టడం ఆ మిషన్ పని. ఒక్కో సైటు లెక్క తేలడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. ఆ సేపంతా ప్రాసెసర్ గానీ గ్రాఫిక్స్ కార్డు గానీ, చాలాసార్లు రెండూ కలిసి, పూర్తి భారం మీద ఉంటాయి. "అన్నా, రాత్రి పని పెట్టి ఇంటికి పోతే పొద్దున వచ్చేసరికి మిషన్ బందై ఉంటుంది. ఎండలు మొదలైన కాన్నుంచి ఒక్క సైటు కూడా పూర్తి కాలేదు" అని ఆఫీసు నడిపే కుర్రాడు చెప్పాడు. పాత వాటర్ బ్లాకు (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీటికి అందించే లోహపు ముక్క) తీసేసి మంచి కంపెనీది వేయమని, ఖర్చుకు వెనకాడనని కూడా అన్నాడు.

ఏ కంపెనీ బ్లాకు మంచిదన్న ప్రశ్న నన్ను వారానికొకరైనా అడుగుతారు. ఈ కేసులో దానికి ఓపికగా జవాబు వెతికే అవకాశం దొరికింది కాబట్టి, చేసిన పనంతా ఇక్కడ రాస్తున్నాను. నాకు తేలిన విషయం ముందే చెబుతాను. పేరున్న బ్లాకుల మధ్య చల్లదనంలో ఉన్న తేడా, ఒకే బ్లాకును రెండుసార్లు బిగించినప్పుడు వచ్చే తేడా కంటే చిన్నది. మన ఎండలకు, మన నీళ్లకు బ్లాకును ఎంచుకోవాల్సిన లెక్క వేరే ఉంది.

మిషన్‌లో ఉన్నది రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు. రెండూ ఒకే నీటి లూప్‌లో, అంటే పంపు తిప్పే నీరు వాటి వేడిని రేడియేటర్‌కు మోసుకుపోయే చుట్టులో, ఉన్నాయి. డీ5 రకం పంపు, 360 మిల్లీమీటర్ల రేడియేటర్లు రెండు, మెత్తటి పారదర్శక గొట్టాలు. రెండేళ్ల క్రితం వేరే ఊళ్లో కట్టించారట. ప్రాసెసర్ ఒక్కటే అయితే ఇంత హంగామా అవసరం లేదు, రెడీమేడ్‌గా దొరికే 360 కూలర్ సరిపోతుందని నేను ఎవరికైనా చెబుతాను. కానీ 350 వాట్ల కార్డు, 230 వాట్ల దాకా తాగే ప్రాసెసర్ ఒకే పెట్టెలో గంటల తరబడి నడవాలంటే, అదీ మే నెలలో కరీంనగర్‌లో నడవాలంటే, సొంత లూప్‌కు అర్థం ఉంది.

విప్పకముందే ఒక సంగతి తెలిసిపోయింది. గొట్టంలో ప్రవాహాన్ని చూపే చిన్న చక్రం తిరగడం లేదు, వణుకుతోంది. పంపు మాత్రం పూర్తి వేగంతో మోగుతోంది. నీళ్లు దించి బ్లాకు మూత విప్పాను. వాటర్ బ్లాకు లోపల రాగి పలక ఉంటుంది, దాని మీద దువ్వెన పళ్లలాగా సన్నటి రెక్కలు కోసి ఉంటాయి. రెక్కకూ రెక్కకూ మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. ఆ సందుల మీద తెల్లటి జిగురు పొర, పాలు విరిగినప్పుడు పైన తేలే తరకలా పరుచుకుని ఉంది. గోటితో లాగితే ముక్కగా వచ్చింది. దాని కింద గట్టిగా, ఇసుకలా గరగరలాడే ఇంకో పొర. సందుల్లో మూడో వంతు కూడా తెరుచుకుని లేదు. ఆ బ్లాకు ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు దానిది కాదు.

ఆ మురికికి మూడు మూలాలు ఉన్నాయి. మొదటిది గొట్టం. మెత్తటి పారదర్శక గొట్టాలకు మెత్తదనం ఇచ్చే రసాయనం వేడి నీటిలోకి కొంచెం కొంచెంగా దిగుతుంది, అది జిగురుగా మారి అన్నిటికంటే సన్నటి సందు ఎక్కడుంటే అక్కడ చేరుతుంది. బ్లాకు కంటే సన్నటి సందు లూప్‌లో ఇంకెక్కడా ఉండదు. రెండోది రేడియేటర్. ఒకటి రాగిది, రెండోది అల్యూమినియంది. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అది ఒక బలహీనమైన బ్యాటరీ అయి కూర్చుంటుంది, అందులో అరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. అరిగినది తెల్లటి గుజ్జుగా నీటిలో కలుస్తుంది. మూడోది నీళ్లు. క్యాన్‌లో వచ్చే తాగునీరు పోశామని కుర్రాడే చెప్పాడు. అది తాగడానికి మంచిదే గానీ లవణాలు లేని నీరు కాదు. మన దగ్గర బోరు నీళ్లు కాచిన కాగు అడుగున సున్నం ఎలా గట్టిపడుతుందో అందరికీ తెలుసు. కొన్ని రెట్లు తక్కువే అయినా, క్యాన్ నీళ్లు చేసేదీ అదే పని.

ఈ పరిస్థితిలో కొత్త బ్లాకు ఎంత ఖరీదైనది వేసినా ఏడాదిలో ఇదే గతి పడుతుంది. అందుకే ముందు అల్యూమినియం రేడియేటర్‌ను పూర్తిగా తీసేసి రాగిది పెట్టాను. పారదర్శక గొట్టాల స్థానంలో ఈపీడీఎం రబ్బరు నల్ల గొట్టాలు వేశాను. వాటిలోంచి ఆ జిగురు దిగదు, పైగా వంపుల్లో నలగవు. లోపల నీరు కనిపించదన్న లోటు ఒక్కటే. పంపును విప్పి కడిగి అదే ఉంచాను.

ఇక బ్లాకులు. మూడు తెప్పించాను: ఈకే కంపెనీ క్వాంటమ్ వెలాసిటీ 2, ఆల్ఫాకూల్ కోర్ 1, బైక్‌స్కీ వాళ్ల ఏఎం5 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బ్లాకు. ఈకే స్లొవేనియా కంపెనీ, స్థాపించిన ఎడ్వర్డ్ కోనిగ్ పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. ఆల్ఫాకూల్ జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టింది. బైక్‌స్కీ చైనాది. వీటి పక్కన చెప్పుకోదగ్గవి ఇంకా ఉన్నాయి. జర్మనీకే చెందిన వాటర్‌కూల్ వాళ్ల హీట్‌కిల్లర్ 4 ప్రో పనితనం కళ్లకద్దుకునేలా ఉంటుంది. ఆక్వా కంప్యూటర్ వాళ్ల కుప్లెక్స్ క్రయోస్ నెక్స్ట్‌లో అడుగు పలక వెండితో చేసినది కూడా దొరుకుతుంది, విజన్ అన్న రకంలో నీటి ఉష్ణోగ్రత బ్లాకు మీదే తెరలో కనబడుతుంది. అమెరికాలో తయారయ్యే ఆప్టిమస్ ఉంది. అయితే హన్మకొండలో కూర్చుని వాటిని తెప్పించుకోవడం, చెడితే విడిభాగం కోసం ఎదురుచూడడం ఒక ఆఫీసు మిషన్‌కు కుదరని పని కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

మూడింటి లోపలి నిర్మాణం ఒకే సూత్రం మీద నడుస్తుంది. నీరు మధ్యలో ఉన్న సన్నటి చీలికలోంచి రెక్కల నడుమకు దూకుతుంది, అక్కడి నుంచి రెండు వైపులా చీలి అంచుల దగ్గర బయటికి పోతుంది. అడుగు పలక మూడింటిలోనూ రాగిదే, పైన నికెల్ పూత. నికెల్ వేడిని రాగి అంత బాగా మోయదు గానీ పూత మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి దాని వల్ల నష్టం కొలతకు అందదు, లాభం మాత్రం ఉంది: చిలుము పట్టదు. తేడాలన్నీ రెక్కల సన్నదనంలో, చీలిక పలక ఆకారంలో, బిగించే బ్రాకెట్లలో ఉంటాయి. ముట్టుకుంటే ఈకే, ఆల్ఫాకూల్ అంచుల నునుపు తెలుస్తుంది. బైక్‌స్కీ బ్లాకులో స్క్రూ రంధ్రం పక్కన తయారీలో మిగిలిన సన్నటి రాగి పొట్టు ఒకటి దొరికింది. కొత్త బ్లాకు ఏదైనా సరే, విప్పి కడగకుండా లూప్‌లో పెట్టకూడదనడానికి అదే కారణం.

కొలత ఎలా పెట్టానన్నది ఫలితం కంటే ముఖ్యం. 7950ఎక్స్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే 95 డిగ్రీలు తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది, అక్కడ ఆగుతుంది. అంటే ఏ బ్లాకు పెట్టినా తెర మీద దాదాపు అదే అంకె కనిపిస్తుంది. అందుకని బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) విద్యుత్ పరిమితిని 180 వాట్ల దగ్గర కట్టేశాను. ఇక రెండో చిక్కు గది వేడి. ఆ వారం వర్క్‌షాపులో పొద్దున 32 డిగ్రీలు ఉంటే మధ్యాహ్నం 38 ఉండేది. పొద్దున కొలిచిన బ్లాకు గొప్పదిగా, మధ్యాహ్నం కొలిచినది పనికిరానిదిగా కనిపిస్తుంది. కాబట్టి లూప్‌లో ఒక నీటి సెన్సర్ పెట్టి, ప్రాసెసర్ వేడిలోంచి నీటి వేడిని తీసేసి, మిగిలిన తేడానే లెక్కలోకి తీసుకున్నాను. బ్లాకు బాధ్యత ఆ తేడా వరకే. నీటి నుంచి గాలికి వేడి పంపడం రేడియేటర్ పని, దాన్ని బ్లాకు ఖాతాలో రాయకూడదు. ఒక్కో బ్లాకును మూడేసి సార్లు విప్పి, తుడిచి, ప్రాసెసర్‌కూ బ్లాకుకూ మధ్య వేడి దాటడానికి పూసే పేస్టు కొత్తగా పెట్టి బిగించాను. ప్రతిసారీ నీటి వేడి నిలకడ అయ్యేదాకా ముప్పావుగంట నడిపాను.

మొదట బిగించిన బ్లాకు మొదటి బిగింపులో తేడా 49 డిగ్రీలు చూపించింది. రెండో బ్లాకు 45 చూపించింది. అక్కడితో ఆపి ఉంటే మొదటి కంపెనీ బ్లాకు పనికిరాదని తీర్పు చెప్పి ఉండేవాణ్ని, ఆ తీర్పు తప్పయ్యేది. మొదటి బ్లాకును మళ్లీ పైకి లేపి పేస్టు ముద్రను దీపం కింద చూశాను. ప్రాసెసర్ మూత మీద ఎడమ అంచున పేస్టు పలచబడి లోహం మెరుస్తోంది, కుడి కింది మూలన మాత్రం వేలికి అంటేంత మందంగా బూడిద రంగు ముద్ద నిలిచి ఉంది. బ్లాకు వెంట్రుకవాసి ఒరిగి కూర్చుంది. స్క్రూలను ఒకవైపు పూర్తిగా బిగించి తర్వాత రెండో వైపుకు వెళ్లడం నేను చేసిన పొరపాటు. రెండోసారి ఒక్కో స్క్రూను పావు తిప్పు, ఎదురు మూల స్క్రూను పావు తిప్పు చొప్పున, స్ప్రింగులు అణిగి స్క్రూ తనంతట ఆగేదాకా తిప్పాను. అదే బ్లాకు, అదే పేస్టు, ఈసారి 45.

తొమ్మిది బిగింపులూ అయ్యాక చూస్తే, ఒకే బ్లాకు బిగింపుల మధ్య తేడా 2 నుంచి 4 డిగ్రీల దాకా ఉంది. మూడు బ్లాకుల ఉత్తమ బిగింపులను పక్కపక్కన పెడితే మధ్య తేడా 2 డిగ్రీలు దాటలేదు. అందుకే ఏది మొదటిది, ఏది మూడోది అని ఇక్కడ వరుస రాయడం లేదు. రాస్తే అది నా చేతి నిలకడను కొలిచిన అంకె అవుతుంది గానీ బ్లాకును కొలిచిన అంకె కాదు. ఒక్కో బ్లాకును ఒక్కసారే బిగించి దశాంశ స్థానాలతో పట్టిక వేసే పోలికలు కనిపించినప్పుడు, ఎన్నిసార్లు బిగించారన్న మాట ఎక్కడైనా ఉందా అని ముందు వెతకండి.

ఇంత వేడి తేడా ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా గమనించాలి. ఈ ప్రాసెసర్‌లో అసలు పని చేసే రెండు చిప్పులు ఒక్కోటి సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరు కంటే చిన్నవి. వేడిలో చాలా భాగం ఆ రెండు చుక్కల్లోంచే పుట్టి, ప్రాసెసర్ మందపాటి మూతను దాటి బ్లాకును చేరాలి. ఆ మందం బ్లాకు చేతిలో లేదు. పైగా ఆ చిప్పులు మూత మధ్యలో కాకుండా కింది అంచు వైపు ఉంటాయి, బ్లాకులో నీరు దూకే చీలికేమో సరిగ్గా మధ్యలో ఉంటుంది. బ్లాకును కొన్ని మిల్లీమీటర్లు కిందికి జరిపే ఆఫ్‌సెట్ బ్రాకెట్లు ఇప్పుడు కొన్ని కంపెనీలు అమ్ముతున్నది ఇందుకే. బైక్‌స్కీ బ్రాకెట్‌లోని రంధ్రాలను నేనే ఆకురాయితో సాగదీసి బ్లాకును కిందికి జరిపి చూశాను, తేడా రెండు డిగ్రీల దాకా తగ్గింది. కంపెనీ మార్చితే వచ్చినంత లాభం రంధ్రం జరిపితే వచ్చింది. అయితే ఏఎం5 బోర్డుల్లో వెనక పలక సాకెట్‌తో కలిసే ఉంటుంది, దాని దారాలు చెడితే బోర్డుకే ముప్పు కాబట్టి చేతి పట్టు మీద నమ్మకం లేనివాళ్లు రెడీమేడ్ బ్రాకెట్ కొనుక్కోవడమే మేలు.

ప్రవాహం గురించి ఒక లెక్క. ప్రాసెసర్, కార్డు కలిసి 530 వాట్ల వేడి ఇస్తే, గంటకు 180 లీటర్ల నీరు తిరుగుతున్నప్పుడు బ్లాకుల్లోంచి బయటికి వచ్చే నీరు లోపలికి పోయిన దానికంటే రెండున్నర డిగ్రీలు వేడిగా ఉంటుంది. గంటకు 60 లీటర్లకు పడిపోతే ఆ పెరుగుదల ఏడున్నర డిగ్రీలవుతుంది. 180 నుంచి 250కి పెంచితే మాత్రం కలిసొచ్చేది ఒక డిగ్రీ కూడా ఉండదు. కాబట్టి ఫలానా బ్లాకులో నీరు ఎక్కువ పారుతుందన్న ప్రచారానికి డబ్బు పెట్టనక్కర్లేదు, ఉన్న ప్రవాహం పడిపోకుండా చూసుకుంటే చాలు. ఈ మిషన్‌లో అసలు జబ్బు అదే కదా.

చల్లదనంలో మూడూ సమానమని తేలాక, ఎంపికకు మిగిలింది విప్పి కడగడం ఎంత తేలిక, విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, ఎంత ఖర్చు అన్న లెక్కలే. నేను కొన్న రోజున బైక్‌స్కీ బ్లాకు ధర మిగతా రెండింటిలో దేనితో పోల్చినా సగం లేదు. మామూలు అలెన్ కీతో మూత వచ్చేస్తుంది, పారదర్శకమైన మూతలోంచి రెక్కల మీద పొర కడుతుంటే కంటికే కనబడుతుంది. లోపలి ఓ-రింగ్‌ను వెర్నియర్‌తో కొలిచి, రైతులకు సబ్‌మెర్సిబుల్ మోటార్లు బాగుచేసే షాపుకు తీసుకెళ్తే సరిపోయే కొలత రబ్బరు రింగు పది నిమిషాల్లో దొరికింది. చివరికి ఆ ఆఫీసుకు నేను ఇచ్చిన సలహా ఇది: బైక్‌స్కీ బ్లాకులు రెండు కొనండి, ఒకటి మిషన్‌లో, ఒకటి కడిగి ఆరబెట్టి సొరుగులో. ఏడాదికోసారి శుభ్రం చేసే రోజున పాతది తీసి సొరుగులోది పెడితే పని పూటలో అయిపోతుంది, పాతదాన్ని తీరిగ్గా కడుక్కోవచ్చు. కుర్రాడికి మొదట నచ్చలేదు. "ఖర్చుకు వెనకాడనని చెప్పిన కదన్నా, చైనాది ఎందుకు?" అన్నాడు. తొమ్మిది బిగింపుల కాగితం ముందు పెట్టి, మిగిలే డబ్బును రాగి రేడియేటర్‌కూ గొట్టాలకూ పెడదాం తమ్మీ అన్నాక ఒప్పుకున్నాడు. ఏసీ గదిలో పెట్టుకునే మిషన్, చూపు కూడా ముఖ్యం, పూత నాణ్యత మీద పట్టింపు ఉంది అనుకునేవాళ్లకు నేనే ఈకే గానీ హీట్‌కిల్లర్ గానీ చెబుతాను. అది వేరే అవసరం.

గ్రాఫిక్స్ కార్డు బ్లాకు సంగతిలో ఈ పోలికలకు చోటు తక్కువ. దాన్ని కార్డులోని సర్క్యూట్ బోర్డు నమూనాను బట్టే కొనాలి, మీ బోర్డుకు ఎవరు చేస్తే వాళ్లదే మీ బ్రాండు. ఉన్న బ్లాకునే విప్పి కడిగి ఉంచాను. 3090లో మెమరీ చిప్పులు 24 ఉంటే 12 బోర్డు వెనకవైపు ఉంటాయి, ముందువైపు బ్లాకు వాటిని తాకదు. వెనక పలకకూ ఆ చిప్పులకూ మధ్య వేడిని దాటించే మెత్తటి ప్యాడ్లు ఎండిపోతే వాటిని తీసి, సరైన మందం కొలిచి కొత్తవి వేశాను.

నీళ్లకు బ్యాటరీ నీళ్లే వాడాను, అయితే నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్‌తో కొలిచిన తర్వాతే. మూడు షాపుల డబ్బాల్లో ఒకటి 40 చూపించింది, దాన్ని ఇన్వర్టర్‌కు పోశాను. మిగతా రెండూ 3 లోపే. అందులో రాగిని కాపాడే బెంజోట్రయజోల్, పాచి పట్టకుండా చేసే మందు ఉన్న రెడీమేడ్ సాంద్ర కూలెంట్‌ను చెప్పిన పాళ్లలో కలిపాను. రంగుల కూలెంట్ జోలికి పోలేదు, రంగు కూడా చివరికి రెక్కల మధ్యే చేరుతుంది. పాత బ్లాకు పలకను వెనిగర్ కలిపిన నీటిలో కాసేపు ఉంచి మెత్తటి బ్రష్‌తో తోమాను. రాగి చెంబును చింతపండుతో తోమే సూత్రమే ఇది, పూత లేచిన చోట ఎక్కువ సేపు ఉంచకూడదు.

మిషన్ తిరిగి కరీంనగర్ చేరాక మే నెల మూడో వారంలో వెళ్లి అక్కడే కొలిచాను. మధ్యాహ్నం గదిలో 37 డిగ్రీలు, పూర్తి భారం మీద నీరు 47 డిగ్రీలు. డీ5 పంపుకు చెప్పిన పరిమితి 60 డిగ్రీలు కాబట్టి ఇబ్బంది లేదు. అయినా ప్రాసెసర్ 230 వాట్లు తాగితే ఆ నీటితో 95ను తాకక తప్పదు, ఏ కంపెనీ బ్లాకూ దాన్ని ఆపలేదు. విద్యుత్ పరిమితిని 170 వాట్ల దగ్గర శాశ్వతంగా కట్టేశాను. ప్రాసెసర్ 88 డిగ్రీల దగ్గర నిలకడగా నిలబడింది, ఏడు గంటల లెక్కకు అదనంగా పట్టింది కొన్ని నిమిషాలే. బయటి నుంచి వచ్చే రాతి ధూళి కోసం రేడియేటర్ల ముందు విప్పి కడిగే జాలీ బిగించి, వారానికోసారి దులపమని చెప్పాను.

ఈ మార్చిలో, పదకొండు నెలల తర్వాత, బ్లాకు మార్చడానికి మళ్లీ వెళ్లాను. ప్రవాహం మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది. తీసిన బ్లాకు మూత విప్పి టార్చి వెలుగులో రెక్కలు వరుసగా చూశాను. తెల్ల పొర లేదు, నికెల్ రంగు మారలేదు. చీలిక మొదట్లో ఒక చోట, గొట్టం కోసినప్పుడు రాలిన నల్ల రబ్బరు తునక ఒకటి, నువ్వుగింజంత, ఇరుక్కుని ఉంది. పట్టకారుతో తీసేసి, ఓ-రింగ్ మార్చి, కడిగి సొరుగులో పెట్టాను. సొరుగులోంచి తీసిన రెండో బ్లాకును పావు తిప్పు చొప్పున బిగించి ముప్పావుగంట నడిపితే, నీటికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా మే నెలలో కొలిచిన దానికి ఒక డిగ్రీ అటూఇటూగా వచ్చింది.